రాత్రి నీళ్ళ మీదే పడుకోవాలంటే: గాలి చాటున లంగరు వేయడం ఎలా?

"నిద్రపోయాక పడవ కొట్టుకుపోతే?" బెంగళూరులో వారాంతాల్లో బోటు నేర్చుకుంటున్న మన తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా మొదట అడిగేది ఇదే. వెంటనే రెండోది: "ఎన్ని కిలోల లంగరు కొనమంటారు?" బరువు మీద అందరికీ ఇంత పట్టింపు ఎందుకో తెలియదు గానీ, పడవ రాత్రంతా ఒక్కచోట నిలబడేది ముఖ్యంగా మీరు వదిలిన తాడు పొడవు వల్ల. తాడు బారుగా ఉంటే లాగుడు నేలబారుగా వస్తుంది, లంగరు కొనలు బురదలోకి దిగుతాయి. తాడు పొట్టిదైతే లాగుడు పైకి వస్తుంది, ఎంత బరువైన లంగరైనా ఊడి వచ్చేస్తుంది. సిద్ధాంతం ఇంతే. మిగతాదంతా చేతిపని, అది కూడా చీకటి పడకముందే చేయాల్సిన పని.

ఇక్కడ చెప్పే కొలతలు 18 నుంచి 22 అడుగుల చిన్న కేబిన్ బోటుకు సరిపోతాయి. బోటు క్లబ్బుదైనా, స్నేహితుడిదైనా పద్ధతి ఒకటే. సరస్సు, రిజర్వాయర్, బ్యాక్‌వాటర్ వరకే ఇది. సముద్రం సంగతి వేరు.

ముందు: ఎక్కడ?

బెంగళూరు ఊళ్ళోని చెరువుల్లో ఈ ముచ్చట తీరదు. అలసూరు చెరువులో మద్రాస్ సాపర్స్ వాళ్ళ తెరచాప పడవలు చూసి ఆశపడకండి, అది సైన్యం సాధన. ఊరి బయట రిజర్వాయర్లకు వెళ్ళాలంటే నీటిపారుదల శాఖ నుంచి, ఒడ్డున అడవి ఉంటే అటవీ శాఖ నుంచి కూడా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. "అక్కడ మావాడు ఒకడున్నాడు, చూసుకుంటాడు" అన్నది అనుమతి కిందికి రాదు. కాగితం చేతిలో ఉండాలి, దాని నకలు ఒడ్డున ఎవరి దగ్గరైనా ఉండాలి. బోటుకు ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం, 2021 కింద రిజిస్ట్రేషన్, బీమా సంగతి కూడా ముందే చూసుకోండి.

కబిని వెనుక జలాలు ఎంత అందంగా ఉన్నా జాబితాలోంచి తీసేయండి. ఒకపక్క నాగరహొళె, మరోపక్క బండీపుర, రెండూ పులుల అడవులే. చీకటి పడ్డాక నీళ్ళ దగ్గరికి ఏనుగులు వస్తాయి, నీళ్ళలో మొసళ్ళుంటాయి. చెన్నైవాళ్ళు పులికాట్ గురించి అడుగుతుంటారు. అది పక్షుల అభయారణ్యం, చాలాచోట్ల మోకాలి లోతు, నడుం లోతు మించదు. 2011 డిసెంబరు 25న అక్కడ విహారానికి వెళ్ళిన పడవ బోల్తాపడి 22 మంది పోయారు. అక్కడ రాత్రి ఉండే ఆలోచన పెట్టుకోవద్దు.

తలనొప్పి లేకుండా కావాలంటే కేరళలోని వెంబనాడ్ సరస్సు. అద్దె హౌస్‌బోటులో అయితే లంగరు పని సిబ్బందే చూసుకుంటారు. దాని గురించి చివర్లో రెండు మాటలు చెప్తాను. కెనడాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడ సొంతంగా బోటు నడపాలనుకునేవాళ్ళకు కూడా కింద రాసింది పనికొస్తుంది. హ్యూరాన్ సరస్సు నార్త్ ఛానల్‌లో దీవుల మధ్య ఇలా రాత్రిళ్ళు గడపడం అక్కడ మామూలే. కాకపోతే అక్కడ చాలా ఒంపుల్లో గ్రానైట్ రాయి, నాచు. పడవ ముందు భాగం నుంచి లంగరు వేసి, వెనక భాగం నుంచి ఒడ్డున చెట్టుకో బండకో ఇంకో తాడు కట్టుకుంటారు.

సీజన్: మనవైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచిది, చెన్నై వైపైతే జనవరి నుంచి. ఏప్రిల్, మే నెలల్లో మామిడి జల్లుల మేఘాలు సాయంత్రం పూటే లేస్తాయి, వాటి ముందు వచ్చే గాలి ఏ దిక్కు నుంచైనా కొట్టొచ్చు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాలు. ఈ నెలల్లో పగలు తిరిగి రాత్రికి ఒడ్డుకు వచ్చేయండి.

కావలసినవి

లంగరు: అడుగున బురద, ఇసుక ఉండే మన రిజర్వాయర్లకు డాన్‌ఫోర్త్ రకం, అంటే రెండు పలకల రెక్కలతో మడతపడేది, బాగా పట్టుకుంటుంది. 5 నుంచి 7 కిలోలు చాలు. నాగలి ఆకారంలో ఉండేది అయితే కాస్త ఎక్కువ బరువు తీసుకోండి, అది రకరకాల నేలలకు పనికొస్తుంది. గొడుగులా విచ్చుకునే నాలుగు కొక్కేల లంగరు చవగ్గా దొరుకుతుంది, డిక్కీలో పడుతుంది. అందుకే అందరూ అదే కొంటారు. రాళ్ళలో చిక్కుకుంటుంది గానీ మెత్తటి బురదలో వెన్నలో చెంచాలా జారిపోతుంది. మధ్యాహ్నం భోజనానికి ఆగడానికి సరే, రాత్రికి వద్దు.

గొలుసు: 6 లేదా 8 మిల్లీమీటర్ల గాల్వనైజ్డ్ గొలుసు, 5 మీటర్లకు తగ్గకుండా. ఇది లంగరుకూ తాడుకూ మధ్య ఉండి లంగరు కాడను నేలకు అదిమిపెడుతుంది, తాడు రాళ్ళకు రాసుకోకుండా కాపాడుతుంది.

తాడు: 12 మిల్లీమీటర్ల నైలాన్, 50 మీటర్లు. నైలాన్ సాగుతుంది, గాలి కుదుపును మింగేస్తుంది. పచ్చ, నీలం రంగుల్లో దొరికే ప్లాస్టిక్ తాడు నీళ్ళ మీద తేలుతుంది, తిరిగి తిరిగి మీ ప్రొపెల్లర్‌కే చుట్టుకుంటుంది. బెంగళూరులో ఎస్‌జేపీ రోడ్డు హార్డ్‌వేర్ షాపుల్లో గొలుసు, షాకిళ్ళు (లంగరును గొలుసుకు, గొలుసును తాడుకు కలిపే పిన్ను ఉన్న ఇనుప కొక్కేలు) చూడండి. చెన్నైవాళ్ళకైతే కాసిమేడు చేపల రేవు ఉండనే ఉంది. తాడు అక్కడ నాలుగు షాపులు తిరిగి కొనుక్కోవచ్చు.

ఇంకా: రెండు డి-షాకిళ్ళు, షాకిల్ పిన్ను తిరిగి ఊడకుండా కట్టడానికి సన్నటి తీగ. రెండో లంగరు, చిన్నదైనా సరే. అందరికీ సరిపడా లైఫ్ జాకెట్లు, పిల్లలకు పిల్లల సైజువే. అన్ని వైపులా కనిపించే తెల్ల దీపం. తలకు కట్టుకునే టార్చి. పదునైన చాకు. గట్టి పవర్ బ్యాంకు. దోమతెర (నవ్వకండి, రాత్రి తొమ్మిదికి మీకే తెలుస్తుంది).

లోతు గుండు: ఇది కొనేది కాదు, చేసుకునేది. అరకిలో సీసపు గుండుకు సన్నటి తాడు కట్టి, మీటరుకో ముడి వేయండి. గుండు అడుగున చిన్న గుంట చేసి గ్రీజు నింపండి. నీళ్ళలోకి వదిలి, నేల తగిలాక ఒకటి రెండు సార్లు పొడిచి పైకి లాగితే గ్రీజే మీకు కబురు చెప్తుంది. వేలితో రాస్తే గరగరలాడితే ఇసుక. నల్లగా, మెత్తగా పూసుకుపోతే బురద. పచ్చటి పోగులు అంటుకుంటే నాచు, అక్కడ వేయకండి. ఏమీ అంటకుండా గ్రీజు నొక్కుకుపోయి వస్తే రాయి. ఎలక్ట్రానిక్ లోతు మీటరు ఉన్నా సరే ఇది పక్కన ఉంచుకోండి. మీటరు లోతు చెప్తుంది గానీ, మామూలు రకాలు బురదా రాయా అన్నది నమ్మకంగా చెప్పలేవు.

ఇంట్లోనే చేసుకోవలసిన పని ఒకటుంది. తాడును హాల్లో పరిచి 10 మీటర్ల దగ్గర ఒక దారం ముడి, 20 దగ్గర రెండు, 30 దగ్గర మూడు, ఇలా కట్టుకోండి. రంగు పెయింట్ వద్దు. చీకట్లో రంగు కనిపించదు, ముడి చేతికి తెలుస్తుంది. తాడు చివరను పడవలో గట్టి రింగుకు ఇప్పుడే కట్టేయండి. తాడు మొత్తం సర్రున జారిపోయి లంగరుతో సహా నీళ్ళపాలైన సంఘటనలు క్లబ్బుకు ఒకటైనా వినిపిస్తాయి.

ఇంకో షరతు. పగటిపూట కనీసం కొన్నిసార్లు భోజనానికి లంగరు వేసి, రెండు గంటలు పడవ కదలకుండా ఉండటం చూశాకే రాత్రికి వెళ్ళండి. మొదటి లంగరే రాత్రి లంగరు కాకూడదు.

చేసే విధానం

1. నాలుగున్నరకల్లా ఒంపు దగ్గర ఉండండి. డిసెంబరులో ఆరింటికే పొద్దు గుంకుతుంది. మొదటిసారి వేసిన లంగరు పట్టకపోతే, రెండోసారి, మూడోసారి వేయడానికి వెలుతురు మిగలాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం టెన్షన్ పోతుంది.

2. ఒంపును ఎంచుకోండి. ఒడ్డు లోపలికి వంగి, మూడువైపులా నేల ఉండి, గాలి వచ్చే వైపు గుట్టో చెట్లో అడ్డం ఉన్న చోటు కావాలి. ఇప్పటి గాలి మాత్రమే చూసి మోసపోవద్దు. రాత్రికి గాలి మారుతుంది. చుట్టూ గుట్టలుంటే, చల్లబడ్డ గాలి చీకటి పడ్డాక వాగు లోయల గుండా కిందికి దిగుతుంది. సాయంత్రం అద్దంలా ఉన్న ఒంపు, వాగు కలిసే చోటైతే, రాత్రి పదికి మొదలుపెట్టి తెల్లవార్లూ ఊగిస్తుంది. వాగు నోటికి ఎదురుగా కాకుండా పక్కకు ఉండండి. ఒంపు తెరుచుకున్న వైపు కూడా చూడండి. అటు మైళ్ళ కొద్దీ ఖాళీ నీళ్ళుంటే, గాలి అటు తిరిగినప్పుడు అలలు పెరిగి పెరిగి నేరుగా మీ మీదికే వస్తాయి.

వాతావరణ శాఖ మౌసం యాప్ పొద్దున ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూడండి. పిడుగుల కోసం దామిని యాప్. ఉరుము సూచన ఉంటే వెళ్ళొద్దు, ఇందులో మొహమాటం వద్దు.

3. ఒంపులో నిదానంగా ఒక చుట్టు తిరగండి. గుండుతో ఐదారు చోట్ల లోతు చూడండి. రెండు నుంచి ఐదు మీటర్లు బాగుంటుంది. ఒక్కచోట చూసి ఊరుకోవద్దు, పడవ రాత్రంతా గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి ఆ వలయం అంతా చూడాలి. మన రిజర్వాయర్లలో ప్రత్యేకమైన చిక్కు మునిగిపోయిన చెట్లు. కర్ణాటకలో శరావతి నది మీది లింగనమక్కి లాంటి చోట్ల 1960ల్లో నీళ్ళ కింద పోయిన చెట్ల మోళ్ళు ఇంకా ఉన్నాయి. నీటిమట్టం తగ్గిన కాలంలో అవి అడుగు లోతులోనే ఉండి కంటికి కనిపించవు. పడవ ముందు ఒక మనిషిని నిలబెట్టి, ఎండ వెనకవైపు ఉండేలా తిరిగితే నీళ్ళలోకి బాగా కనిపిస్తుంది.

వలలు కూడా చూసుకోండి. థర్మాకోల్ ముక్కలు, ఖాళీ నూనె డబ్బాలు వరసగా తేలుతుంటే కింద వల ఉంది. గుర్రపుడెక్క గుంపు ఉన్న మూలకు వెళ్ళొద్దు. గాలి తిరిగితే అదంతా వచ్చి మీ తాడు మీద పడుతుంది, ఆ బరువుకు లంగరు జారుతుంది. ఒడ్డున చేపలవాళ్ళు కనిపిస్తే పలకరించి అడగండి. రాత్రి ఏ వైపు పడవలు పోతాయో, ఏ మూల రాయి ఉందో వాళ్ళకు తెలిసినంత ఏ మ్యాపుకూ తెలియదు.

4. తాడు లెక్క వేయండి. లోతుకు, నీటి నుంచి పడవ ముందు కొన ఎత్తు కలపండి. ఆ మొత్తాన్ని 7తో గుణించండి. ఉదాహరణకు లోతు 3 మీటర్లు, ముందు కొన ఎత్తు 1 మీటరు. మొత్తం 4, ఏడు రెట్లు 28 మీటర్లు. చాలామంది ముందు కొన ఎత్తు మర్చిపోయి 21 మీటర్లే వదులుతారు. అప్పుడు అసలు నిష్పత్తి ఐదింతలకే పడిపోతుంది, అది పగలు మనం మెలకువగా ఉన్నప్పుడు సరిపోయే లెక్క. గాలి పెరుగుతుందనిపిస్తే పదింతలు, అంటే 40 మీటర్లు.

ఇప్పుడు వలయం లెక్క. తాడు 28, పడవ 6, కలిపి 34 మీటర్లు. లంగరు పడే చోటు నుంచి ఏ దిక్కున చూసినా 35 మీటర్ల దాకా ఒడ్డు, చెట్టు, రాయి, ఇంకో పడవ ఉండకూడదు. అంత ఖాళీ లేకపోతే ఆ ఒంపు వద్దు. తాడు తగ్గించి సర్దుకుందాం అనుకోవద్దు.

5. తాడును ముందు భాగంలో చుట్టలుగా కాకుండా, పెద్ద పెద్ద మెలికలుగా పరిచి పెట్టుకోండి. కాళ్ళు వాటి మధ్య ఉండకూడదు. పిల్లలు వెనక కూర్చోవాలి.

6. గాలికి ఎదురుగా నిదానంగా వెళ్ళి, లంగరు పడాల్సిన చోట పడవను ఆపండి. పడవ ఆగి, వెనక్కి కదలడం మొదలయ్యాక లంగరును కిందికి దించండి. దించాలి, విసరకూడదు. విసిరితే గొలుసు లంగరు మీదే కుప్పగా పడి రెక్కలకు చుట్టుకుంటుంది. ఆ లంగరు ఎంత లాగినా పట్టదు. ఫోన్‌లో యాంకర్ అలారం యాప్ (పడవ వలయం దాటితే మోగేది) ఉంటే, లంగరు నేల తాకిన క్షణంలో నొక్కండి. పడవ వెనక్కి జరిగాక నొక్కితే వలయం మధ్యబిందువు తప్పు చోట పడుతుంది, అర్ధరాత్రి ఊరికే మోగి మిమ్మల్ని లేపుతుంది.

7. గాలి పడవను వెనక్కి తీసుకెళ్తుంటే తాడు కొద్దికొద్దిగా వదలండి. సగం తాడు పోయాక ఒకసారి క్లీట్‌కు, అంటే పడవ ముందు భాగంలో తాడు కట్టే రెండు కొమ్ముల కొయ్యకు, చుట్టి మెల్లగా బిగించండి. పడవ ముక్కు గాలివైపు తిరిగితే లంగరు పట్టడం మొదలైందన్నమాట. మిగతా తాడు వదిలి, లెక్క ప్రకారం ముడి చేతికి రాగానే క్లీట్‌కు కట్టేయండి.

తాడు ఎప్పుడూ ముందు నుంచే. సౌకర్యంగా ఉందని వెనక నుంచి లంగరు వేసేవాళ్ళను చూశాను. వెనక భాగం చదునుగా, ఎత్తు తక్కువగా ఉంటుంది, ఇంజిన్ బరువు కూడా అక్కడే. అల వస్తే లేవలేక నీళ్ళు లోపలికి వస్తాయి, ఆ నీళ్ళ బరువుకు ఇంకా కిందికి దిగుతుంది. నిమిషాల్లో మునిగిపోయే దారి ఇది.

8. ఇప్పుడు అసలు పని: లంగరును నాటడం. ఇంజిన్‌ను రివర్సులో వేసి కనీస వేగంతో తాడు బిగిసేదాకా వెళ్ళండి. బిగిశాక కొద్దిగా వేగం పెంచి ముప్పై సెకన్లు అలాగే ఉంచండి. తాడు తీగలా సాగి, పడవ ఆగి, ఇంజిన్ తగ్గించగానే కాస్త ముందుకు గుంజుకుని వస్తే లంగరు దిగినట్టే. ఒక్కసారిగా ఫుల్ వేగం ఇవ్వొద్దు. మెత్తటి బురదలో లంగరుకు దిగడానికి కాస్త టైం కావాలి, తొందరపెడితే పైపైనే గీసుకుంటూ వస్తుంది. మరీ మెత్తటి ఒండ్రు అయితే వేసి పది పదిహేను నిమిషాలు వదిలేసి, ఆ తర్వాత రివర్సు పెట్టండి.

9. తాడు పడవ అంచుకు రాసుకునే చోట పాత నీళ్ళ పైపు ముక్కను చీల్చి తొడగండి. పైపు లేకపోతే మందపాటి నూలుగుడ్డ రెండు మూడు చుట్లు. రాత్రంతా రాసుకుంటే నైలాన్ తాడైనా పీచుపీచుగా అవుతుంది.

10. పొద్దు గుంకగానే తెల్ల దీపం వేయండి, అన్ని వైపుల నుంచీ కనిపించే ఎత్తులో. ప్రయాణంలో వాడే ఎరుపు, పచ్చ దీపాలు ఆర్పేయండి. అవి వెలుగుతుంటే మీరు కదులుతున్నారని అవతలివాళ్ళు అనుకుంటారు. పార్టీ లైట్ల దండలు ఉన్నా సరే, ఈ దీపం విడిగా కనిపించాలి.

పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇదే అందరూ దాటేసే భాగం. వేశాం, పడవ ఆగింది, పులిహోర డబ్బా తెరిచారు. పడవ ఆగడం వేరు, లంగరు పట్టడం వేరు. గాలి లేని సాయంత్రం గొలుసు బరువుకే పడవ ఆగుతుంది.

చేతి పరీక్ష: రివర్సులో ఉన్నప్పుడు ముందు భాగంలో తాడు మీద అరచెయ్యి ఆనించండి. చేతిని క్లీట్ నుంచి దూరంగా, బయటివైపు తాడు మీదే పెట్టండి, వేళ్ళు చుట్టొద్దు. లంగరు పట్టి ఉంటే తాడు నిశ్చలంగా, బిగుతుగా ఉంటుంది. జారుతుంటే గరగరమని వణుకు, లేదా బిగిసి వదిలి, బిగిసి వదిలి వచ్చే కుదుపు చేతికి తెలుస్తుంది. రెండుసార్లు చేస్తే తేడా మరిచిపోరు.

కంటి పరీక్ష: పడవకు పక్కవైపు ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి. దగ్గరగా ఒక తాటిచెట్టు, దాని వెనక దూరంగా గుట్ట మీద సెల్ టవర్ అనుకోండి. రివర్సు లాగుడులో ఆ రెండూ ఒకే వరసలో ఉండిపోతే పడవ జారడం లేదు. తాటిచెట్టు టవర్‌ను దాటి ఒకేవైపు జరుగుతూ పోతుంటే లంగరు ఈడ్చుకుపోతోంది. గాలికి పడవ అటూ ఇటూ ఊగినప్పుడు కూడా వరస తప్పుతుంది, కానీ తిరిగి వస్తుంది. తిరిగి రాకపోతేనే అనుమానించాలి. చీకటి పడేముందు రాత్రికి పనికొచ్చే గుర్తులు కూడా ఎంచుకోండి. ఊరి వీధి దీపం, టవర్ ఎర్ర దీపం లాంటివి. కరెంటు పోయే ఊరైతే రెండు జతలు పెట్టుకోండి.

అలారం: వలయం తాడు పొడవు, పడవ పొడవు, దానికి జీపీఎస్ తప్పు కోసం ఇంకో ఎనిమిది పది మీటర్లు కలిపి పెట్టండి. మన లెక్కకు 42 నుంచి 44. మరీ తక్కువ పెడితే ఊరికే మోగుతుంది, రెండోసారికి విసుగొచ్చి ఆపేస్తారు. జీపీఎస్‌కు సిగ్నల్ టవర్ అవసరం లేదు, బ్యాటరీ మాత్రం కావాలి.

జారుతుంటే? ముందు ఇంకో ఐదు పది మీటర్ల తాడు వదిలి, మళ్ళీ రివర్సులో పరీక్షించండి. వలయంలో చోటుందా అన్నది ముందు చూసుకోండి. అయినా జారితే లంగరు పూర్తిగా పైకెత్తండి. రెక్కల మధ్య నాచు ముద్ద గానీ, ప్లాస్టిక్ సంచి గానీ ఇరుక్కుని ఉంటుంది. శుభ్రం చేసి మళ్ళీ వేయండి. అదే చోట రెండుసార్లు పట్టకపోతే చోటు మార్చండి. మూడోసారి అదృష్టం బాగుంటుందేమో అన్న ఆలోచన వద్దు, నేల మారదు కదా.

ఇరుకుగా ఉంటే వేరే దారులు

ఒంపు చిన్నదై వలయానికి చోటు లేకపోతే రెండు మార్గాలు. ముందు మామూలుగా లంగరు వేసి నాటి, వెనక నుంచి ఒడ్డున గట్టి చెట్టుకు తాడు కట్టండి. పడవ తిరగదు. కానీ గాలి పక్కనుంచి వస్తే మొత్తం లాగుడు లంగరు మీద పడుతుంది, అందుకని గాలి చాటు బాగా ఉన్నచోటే ఇది. ఎండిన చెట్టుకు, కొమ్మలు పడవ మీదికి వంగిన చెట్టుకు కట్టొద్దు. అడవి పక్కన ఒడ్డుకు కట్టడమే వద్దు. రిజర్వాయర్‌లో గేట్లు ఎత్తినా, విద్యుత్ కేంద్రం నడిచినా రాత్రికి రాత్రే మట్టం మారొచ్చు. ఒడ్డుకు అతి దగ్గరగా కట్టిన పడవ తెల్లారేసరికి బురదలో కూర్చుంటుంది.

రెండోది, ముందు నుంచే రెండు లంగర్లు, గాలివైపు వి ఆకారంలో, మధ్య కోణం 45 నుంచి 60 డిగ్రీలు. పట్టు బాగుంటుంది. గాలి చుట్టూ తిరిగితే మాత్రం రెండు తాళ్ళూ జడలా అల్లుకుంటాయి. ఒకే దిక్కు గాలి నిలకడగా ఉన్న రాత్రికి తప్ప నేనైతే సిఫారసు చేయను.

లోతు ఒకటిన్నర మీటరు లోపైతే, అడుగున బురదైతే, మన కొల్లేరు వైపు చిన్న పడవలవాళ్ళు చేసినట్టు వెదురు గడ పాతి దానికి కట్టేయొచ్చు. చిన్న తేలికైన పడవకు ఇది చక్కటి పద్ధతి, కేబిన్ బోటుకు కాదు.

రాత్రిపూట

ఇద్దరు పెద్దవాళ్ళయినా ఉండాలి. పడుకునే ముందు ఒకసారి, తర్వాత రెండు మూడు గంటలకోసారి లేచి గుర్తులు, తాడు రాపిడి, దీపం చూడండి. గాలి చప్పుడు మారినా, నీళ్ళు పడవకు తగిలే చప్పుడు వైపు మారినా లేచి చూడండి. మద్యం సంగతి చెప్పక్కర్లేదు అనుకుంటాను, అయినా చెప్తున్నాను: లంగరు కాసేవాడు తాగకూడదు.

వంట ఇంటి దగ్గరే కానిచ్చుకోండి. పులిహోర, పెరుగన్నం, చపాతీ ఉండగా నీళ్ళ మీద పొయ్యి అవసరమేమిటి? గ్యాస్ తీసుకెళ్ళాల్సి వస్తే గుర్తుంచుకోండి, వంటగ్యాస్ గాలికన్నా బరువు. లీకైతే పడవ అడుగున పేరుకుంటుంది, వాసన తెలిసేలోపు నిప్పురవ్వ చాలు. చలిగా ఉందని మూసిన కేబిన్‌లో బొగ్గుల కుంపటి గానీ, పక్కనే జనరేటర్ గానీ పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చీకట్లో ఈత వద్దు. రాత్రి మూత్రానికి లేచినప్పుడు అంచున నిలబడటం కూడా వద్దు. పట్టు తప్పి పడేది అలాంటప్పుడే, చప్పుడు ఎవరికీ వినపడదు. మూతపెట్టిన డబ్బానో, పోర్టబుల్ టాయిలెట్టో వాడండి, అక్కడి నీళ్ళు ఎవరో ఒకరు తాగేవే.

అలారం మోగి నిజంగానే జారుతుంటే వరస ఇది: లైఫ్ జాకెట్, ఇంజిన్ స్టార్ట్, తర్వాత తాడు. ఇంజిన్ నడుస్తుండగా తాడు ప్రొపెల్లర్ వైపు వదులుగా ఉండకుండా ఒకరు చూసుకోవాలి.

హౌస్‌బోటు తీసుకుంటే

వెంబనాడ్‌లో చేపలవాళ్ళు రాత్రి వలలు వేస్తారు. అందుకే హౌస్‌బోట్లు సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో తిరగడం ఆపేసి ఒడ్డుకు కట్టేస్తాయి. "రాత్రంతా తిరుగుతాం అనుకున్నాం" అని వచ్చాక గొడవపడేవాళ్ళు చాలామంది. బుక్ చేసేటప్పుడే అడగండి: రాత్రి ఎక్కడ కడతారు? జనరేటర్ ఏ వైపు, ఏసీ ఎన్ని గంటలు? లైఫ్ జాకెట్లు ఎన్ని, పిల్లల సైజు ఉన్నాయా? బోటు లైసెన్సు ఫోటో పంపిస్తారా? పది బోట్లు వరసగా కట్టే రేవులో అయితే రాత్రంతా పక్క బోటు పాటలే వింటారు. విడిగా, పొలం గట్టు పక్కన కట్టమని ముందే మాట తీసుకోండి. చెన్నై నుంచి నేరుగా అలప్పుళ ఎక్స్‌ప్రెస్ ఉంది. బెంగళూరు నుంచి కన్యాకుమారి రైల్లో కొట్టాయంలో దిగితే కుమరకం దగ్గర.

పొద్దున లంగరు ఎత్తడం

చేతులతో పడవను లంగరు దాకా లాగొద్దు, నడుం పట్టేస్తుంది. ఇంజిన్‌తో నిదానంగా ముందుకు వెళ్తూ, వదులైన తాడును ఒకరు లోపలికి తీసుకోవాలి. తాడు నిట్టనిలువుగా వచ్చాక క్లీట్‌కు చుట్టి ఆగండి. పడవ ఊపుకే చాలాసార్లు లంగరు ఊడుతుంది. ఊడకపోతే ఇంజిన్‌తో కాస్త ముందుకు.

మోడుకు చిక్కుకుంటే బలం వాడొద్దు. తాడు వదులు చేసి, పెద్ద వలయంగా అవతలివైపు తిరిగి, వేసిన దిక్కుకు ఎదురు దిక్కు నుంచి లాగండి. చెట్లు మునిగిన రిజర్వాయర్ అని ముందే తెలిస్తే, వేసేటప్పుడే లంగరు తలకు, అంటే రెక్కలున్న చివరకు సన్నటి తాడు కట్టి, పైన ఖాళీ డబ్బా తేలేట్టు వదలండి. ఆ తాడు లాగితే లంగరు వెనక్కి ఊడి వస్తుంది. ఏదీ పనిచేయకపోతే తాడు చివర డబ్బా కట్టి కోసి వదిలేయండి. తర్వాత ఒడ్డున చేపలవాళ్ళ సాయంతో తీయించుకోవచ్చు. గాలి పెరుగుతున్నప్పుడు వేల రూపాయలు పెట్టి కొన్న లంగరని దాని దగ్గరే పెనుగులాడకండి.

పైకి వచ్చిన గొలుసును నీళ్ళలోనే రెండుమూడుసార్లు ముంచి తీసి బురద వదిలించండి. ఆ బురద పడవలో ఎండితే వాసన వారం పోదు. ఇంటికొచ్చాక తాడును మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేసి, అంచుకు రాసుకున్న చోట పీచు లేచిందేమో వేలితో తడిమి చూడండి. లేచి ఉంటే అక్కడికి కోసి మళ్ళీ ముడి వేసుకోండి, దారం గుర్తులు కూడా కొత్తగా కట్టుకోవాలి.